మూత మీద అక్షరం

గుణుపురంలో కరెంటు పోయిన ప్రతిసారీ
ముందు నేను చూసుకునేది
చేతిలో ఉన్న పట్టకారుని.
మంట ఆరకూడదు, గాలి ఆగకూడదు,
తెరిచిన సీసా ముందు మనిషి మాట్లాడకూడదు.
దగ్గొస్తే లేచి వెళ్లిపోవాలి.
నవ్వొచ్చినా అంతే.

పుట్టాసింగి దారిలో, కొండ భుజం మీద
ఒక టేకు చెట్టుండేది.
ముగ్గురు చేతులు కలిపితే గాని అందని మాను.
వంకర లేదు, పుచ్చు లేదు.
ఫారెస్టోళ్లు దాని మొదట్లో తెల్లరంగు పట్టీ వేసి
ఒక నెంబరిచ్చారు.
దాని కణుపులోంచి గోరంత మొగ్గ కోసుకొచ్చాం.
గోరంత అంటున్నాను గాని
నా చిటికెన వేలి గోరులో సగం.
కడిగి, కడిగి, మళ్లీ కడిగి
చక్కెర కలిపిన జెల్లీ మీద నిలబెట్టాం.
ఒకటి నాలుగైంది. నాలుగు పదహారు.
పాణిగ్రాహి బాబు నోట్‌బుక్కు మూసి అన్నాడు:
"సీసాలో ఉన్నంతకాలం ఇవి మొక్కలు కాదమ్మా, లెక్కలు."
ఆయన అన్నది ఒడియాలో. అందులో ఆ ప్రాస లేదు.
తెలుగులోకి తెచ్చుకుని
బయటికెళ్లి నవ్వుకుని వచ్చాను.

ప్రతి మూత మీదా తేదీ, విడత నెంబరు,
కోసిన మనిషి పేరులో మొదటి అక్షరం.
సీసాలో విరిగిన పాలలా మబ్బు కమ్మిందంటే
ఆ అక్షరం ఎవరిదో చూస్తారు.
జీతంలో సీసాకి మూడు రూపాయలు కోత.

ఆ శ్రావణంలో నా అక్షరానికి మబ్బు పట్టింది.
ఒక రోజు పదకొండు. మర్నాడు నలభై.
గోళ్లు చర్మం దాకా కత్తిరించుకున్నాను.
స్పిరిటు రాసి రాసి వేళ్ల చివర తోలు ఊడింది.
గాజులు ఎప్పుడో తీసేశాను, జుట్టు రెండు టోపీల కింద.
అయినా ఎక్కణ్ణుంచి వస్తోందో,
నా ఊపిరిలోంచో, నాకు తెలియని నాలోంచో.

పక్క బల్ల ఇలామి గొమాంగోది.
సవర పిల్ల. తెలుగు సంతలో నేర్చుకుంది.
ధరలన్నీ వచ్చు, ఓదార్పు మాటలు రావు.
వారం తిరిగేసరికి నా కోత సగమైంది.
అరలో చూస్తే మబ్బు పట్టిన సీసాల్లో
సగం మూతల మీద ఆమె అక్షరం,
దాని కింద సరిగ్గా చెరగని నాది.
అడిగాను.
"చెరి సగం" అంది,
చింతపండు వాటా వేసినట్టు.

సీసాలోంచి బయటికొచ్చిన మొదటి వారమే గండం.
ఆకు అడుగున సన్నటి నోళ్లుంటాయి,
మూసుకోవడం వాటికి తెలియదు.
అడక్కుండా తీపి తిని, తడిలోనే పెరిగి
గాలి తగలగానే
ఉన్న నీళ్లన్నీ వదిలేసి వాలిపోతాయి.
అందుకే మంచుగదిలో పెట్టి
రోజుకో గంట నీడవల పక్కకి లాగి
నీళ్లు తగ్గించి, తగ్గించి
దాహం నేర్పుతాం.
కొబ్బరిపీచు ట్రేల మీదికి వంగి
ఇలామి తన భాషలో ఏదో అంటుంది.
చెట్టు పేరో, తిట్టో.
ఆమె ట్రేలో మాత్రం చావులు తక్కువ.

పెద్దచెట్టు తుఫానుకి విరిగింది.
మిగిలింది కోసి డిపోకి తోలుకెళ్లారు.

మొన్న పద్మపురం బస్సులో, కిటికీ పక్కన,
వరసలు వరసలుగా టేకు. అంతా ఒకే ఎత్తు.
ఏది నాదో ఏది ఆమెదో అని చూశాను.
ఏం తెలుస్తుంది?
మూతలు ఎప్పుడో కడిగేశాం.

దిగి, జీపెక్కి, కొండెక్కి మొద్దు దగ్గరికి పోయాను.
తెల్ల పట్టీ ఇంకా కొంచెం ఉంది.
దాన్ని చీల్చుకుని తొమ్మిది చిగుళ్లు,
చేటంత ఆకులతో,
ఎవరి అక్షరమూ లేకుండా.
ఒక ఆకుని పురుగు జల్లెడ చేసింది,
ఎవరి జీతమూ కోయలేదు.

పాణిగ్రాహి బాబుకి చెప్పలేదు.
ఇలామికి చెప్తాను, సంత రోజున.
వాటి ముందు గొంతుక్కూర్చుని
మాస్కు లేకుండా, ముఖం తిప్పకుండా
తనివితీరా దగ్గాను.